షోరూమ్ ఎస్టిమేట్‌ను లైను లైనుగా విప్పిన డైరీ

పని ఏంటంటే

కారు 2014 మోడల్ డీజిల్ హ్యాచ్‌బ్యాక్. మీటరు 1,18,000 దాటింది. కారు కంపెనీ పేరు రాయడం లేదు. ఏ కంపెనీ షోరూమ్‌కి వెళ్లినా ఇంచుమించు ఇదే జరుగుతుంది కాబట్టి పేరుతో పనిలేదు. ఇంజిన్ గురించి మాత్రం చెప్పాలి. ఫియట్ డిజైన్ చేసిన 1.3 మల్టీజెట్, 1248 సీసీ. మారుతి, టాటా, ఫియట్ మూడూ దీన్ని తమ కార్లలో వాడాయి. ఒక్కో కంపెనీ ఒక్కో పేరు పెట్టుకుంది. 2020 ఏప్రిల్‌లో బీఎస్6 కాలుష్య నిబంధనలు వచ్చాక మన మార్కెట్లో కొత్త కార్లలోంచి తప్పుకుంది. రోడ్ల మీద మాత్రం లక్షల్లో తిరుగుతోంది. అందుకే దీన్ని విప్పి బిగించిన అనుభవం లేని డీజిల్ మెకానిక్ ఆటోనగర్‌లో కనిపించడు. బయట గ్యారేజీకి వెళ్లే ముందు మీ కారు విషయంలో తెలుసుకోవాల్సిన మొదటి సంగతి ఇదే: ఆ ఇంజిన్ బయటివాళ్లకి ఎంత అలవాటు?

కంప్లయింట్లు రెండు. స్పీడ్ బ్రేకర్ దిగేటప్పుడు ముందు వైపు నుంచి టక్ టక్ చప్పుడు. ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు ఇంజిన్ గట్టిగా అరుస్తోంది, బండి మాత్రం లాగడం లేదు.

ఎస్టిమేట్ చేతికొచ్చింది

షోరూమ్‌లో సర్వీస్ అడ్వైజర్ మర్యాదగానే మాట్లాడాడు. బండిని లిఫ్టు ఎక్కించారు, కాసేపటికి ప్రింటు తీసి ఇచ్చారు. మొత్తం 56,600.

అందులో క్లచ్ సెట్ 8,200, దాని లేబర్ 5,300. ముందు షాకబ్జర్లు రెండూ 5,600, వాటి పై మౌంటింగులు బేరింగులతో కలిపి 2,400. లోయర్ ఆర్ములు (చక్రాన్ని కింద నుంచి పట్టి ఉంచేవి) రెండూ 4,600. లింక్ రాడ్లు (బండి పక్కకి ఒరగకుండా చూసే కడ్డీని సస్పెన్షన్‌కి కలిపే చిన్న రాడ్లు) 1,500. స్టీరింగ్ ర్యాక్ (స్టీరింగ్ తిప్పితే చక్రాలను తిప్పేది) అసెంబ్లీ 11,500. సస్పెన్షన్, స్టీరింగ్ పనికి లేబర్ 6,400. ముందు బ్రేక్ ప్యాడ్లు లేబర్‌తో 2,900. అలైన్‌మెంట్, బ్యాలెన్సింగ్ 1,400. చివర్లో డీకార్బనైజింగ్ (ఇంజిన్ లోపలి మసి తీయడం), ఏసీ ట్రీట్‌మెంట్, అండర్‌బాడీ కోటింగ్, అన్నీ కలిపి 6,800.

"చప్పుడు దేనివల్ల వస్తోందండీ?" అని అడిగాను.

"ఫ్రంట్ సస్పెన్షన్ మొత్తం వీక్ అయింది సార్. అన్నీ మార్చేస్తే మళ్లీ కంప్లయింట్ ఉండదు."

ఈ జవాబే నన్ను పట్టేసింది. అన్నీ మార్చేస్తే చప్పుడు పోతుంది, నిజమే. దేనివల్ల వచ్చిందో ఎవరికీ తెలియకుండానే పోతుంది. ఎస్టిమేట్ ఫీజు కట్టి, ఆ కాగితం తీసుకుని బండితో సహా బయటికొచ్చాను. ఆ ఫీజు దండగ అనుకోను. కాగితం మీద పార్ట్ నంబర్లు ఉన్నాయి. తర్వాత షాపుల్లో అవే పనికొచ్చాయి.

కాగితం చదవడం

ఇంట్లో కూర్చుని ఒక్కో లైను చూశాను. చాలామంది తికమకపడేది జీఎస్టీ దగ్గర. ఎస్టిమేట్‌లో పార్టు ధర ఒకచోట, దానిమీద పన్ను ఇంకోచోట వేస్తారు. చూసేవాళ్లకి ఎమ్మార్పీ మీద మళ్లీ పన్ను వేసినట్టు అనిపిస్తుంది. అలా కాదు. రెండూ కలిపితే డబ్బా మీద ఉన్న ఎమ్మార్పీ రావాలి, అంతకు మించకూడదు. క్లచ్ సెట్‌కి కలిపి చూశాను, సరిగ్గా సరిపోయింది. 2025 సెప్టెంబరు 22 నుంచి కారు విడిభాగాలన్నిటికీ 18 శాతం పన్ను. అంతకుముందు చాలావాటికి 28 ఉండేది. మీ దగ్గర పాత ఎస్టిమేట్ ఉంటే ఆ ధరలు పట్టుకుని బేరమాడొద్దు, కొత్తది తీయించుకోండి.

లేబర్ మీద కూడా 18 శాతం పడుతుంది. చిన్న గ్యారేజీలో చాలాసార్లు ఇది ఉండదు. సర్వీసు వ్యాపారంలో ఏడాదికి 20 లక్షల టర్నోవర్ దాటకపోతే జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. లేబర్‌లో కనిపించే తేడాలో కొంత భాగం ఇదే.

అసలు సంగతి వేరే ఉంది. అదే పార్ట్ నంబరుతో కంపెనీ డబ్బా బయట షాపులో కొన్నా ధర దాదాపు అంతే. మహా అయితే ఏడెనిమిది శాతం తగ్గిస్తారు. మరి "బయట సగానికి సగం అవుతుంది" అని అందరూ అంటారు కదా, ఆ సగం ఎక్కడ మిగులుతోంది? ఈ డైరీ రాయాలనిపించింది ఆ లెక్క తేల్చడానికే.

ఆటోనగర్

విజయవాడ ఆటోనగర్ గురించి మన వాళ్లకి చెప్పేదేముంది. లారీ బాడీ కట్టించాలన్నా, గేర్‌బాక్స్ కావాలన్నా అక్కడికే. గుంటూరులో, విశాఖ గాజువాకలో, హైదరాబాద్ వనస్థలిపురం వైపు కూడా ఆటోనగర్లున్నాయి. ఆ చుట్టుపక్కల ఉన్నవాళ్లకీ ఈ పద్ధతి పనికొస్తుంది.

నేను వెళ్లింది రేకుల షెడ్డు, రెండు బండ్లు పట్టే చోటు. మేస్త్రి గారికి యాభై పైనే ఉంటాయి. ఒకప్పుడు షోరూమ్‌లోనే పనిచేసి బయటికొచ్చి సొంతంగా పెట్టుకున్నారు. మంచి గ్యారేజీ వెతికేటప్పుడు నేను ముందు చూసే గుణం ఇది. కంపెనీ ట్రైనింగు తీసుకున్న చేతులు, పైన టార్గెట్లు లేని మనిషి.

ఎస్టిమేట్ చూపించలేదు. చూపిస్తే ఆ కాగితాన్నే ఫాలో అవుతారు. కంప్లయింట్లు రెండూ చెప్పి ఊరుకున్నాను.

చప్పుడు ఎక్కడిది

ఈ భాగం కాస్త వివరంగా రాస్తాను. డబ్బు మిగిలినా పోయినా ఇక్కడే.

మేస్త్రి గారు ముందు బండి నడిపి చూశారు. కానూరు వైపు వెళ్లి, గతుకుల మీద ఒకసారి మెల్లగా, ఒకసారి కొంచెం వేగంగా. చిన్న గతుకులకి చప్పుడొస్తోంది, పెద్ద బ్రేకర్‌కి రెండు చక్రాలూ ఒకేసారి ఎక్కితే తక్కువగా వస్తోంది. "లింక్ రాడ్డు సార్, తొంభై పాళ్లు" అన్నారు. లింక్ రాడ్లు ఒక పక్క చక్రం లేచి రెండో పక్క లేవనప్పుడు ఎక్కువ పనిచేస్తాయి. రెండూ కలిసి లేస్తే వాటి మీద లోడు పెద్దగా పడదు. అందుకని ఆ అనుమానం.

షెడ్డుకి వచ్చాక బానెట్ ఎత్తారు. కుర్రాణ్ణి స్టీరింగ్ దగ్గర కూర్చోబెట్టి, తను చక్రం పక్కన ఒంగి చెయ్యి లోపలికి పెట్టి స్ప్రింగు పట్టుకున్నారు. "ఒరేయ్, మెల్లగా ఎడమకి తిప్పు. ఆగు. ఇప్పుడు కుడికి." స్ప్రింగు మెత్తగా తిరగాలి. ఎడమ పక్కది కొంచెం బిగిసి, తర్వాత ఒక్కసారిగా జారి తిరుగుతోంది. నన్నూ చెయ్యి పెట్టి చూడమన్నారు. వేళ్లకి స్పష్టంగా తెలిసింది, ఒక చిన్న జర్కు. పైన మౌంటింగ్‌లో బేరింగు పట్టేసిందన్నమాట. స్టీరింగ్ తిప్పితే అప్పుడప్పుడు వచ్చే కటుక్కుమనే శబ్దం దానిదే.

తర్వాత జాకీ ఎత్తి చక్రాన్ని గడియారంలో మూడు, తొమ్మిది ఉండే చోట్ల పట్టుకుని ఊపారు. ఇక్కడ ఆట ఉంటే టై రాడ్డో, ర్యాకో అరిగినట్టు. ఏమీ లేదు. పన్నెండు, ఆరు దగ్గర పట్టుకుని ఊపితే ఎడమవైపు కింద సన్నగా ఆట కనిపించింది. టామీ రాడ్డు పెట్టి లోయర్ ఆర్మ్‌ను కదిపితే వెనక బుష్ రబ్బరు చీలిపోయి ఉంది, బాల్ జాయింట్ కూడా వదులైంది. కుడి ఆర్మ్ గట్టిగా ఉంది. షాకబ్జర్ల రాడ్ల మీద ఆయిల్ కారిన తడి లేదు, బండిని నొక్కి వదిలితే ఒక్క ఊపుతో నిలబడుతోంది.

మరి 11,500 రూపాయల ర్యాక్ ఎందుకు రాశారు? అప్పుడు కాగితం తీసి చూపించాను. మేస్త్రి గారు చదివి ఏమీ విమర్శించలేదు. "అక్కడ టెక్నీషియన్‌కి బండికి ఇంత టైమని ఉంటుంది సార్. చప్పుడు వెతుక్కుంటూ కూర్చుంటే వాడికి గిట్టదు. మార్చిన తర్వాత బండి కంప్లయింట్‌తో తిరిగొస్తే మాట పడేది కూడా వాడే. అందుకని అన్నీ రాసేస్తారు" అన్నారు.

ఇది న్యాయమైన మాట. షోరూమ్‌లో ఏ పనికి ఎంత సమయమో ముందే లెక్క కట్టి ఉంటుంది, లేబర్ బిల్లు దాని ప్రకారమే పడుతుంది. వెతకడానికి పట్టే సమయానికి బిల్లులో లైను ఉండదు. బిల్లులో లైను లేని పని ఎవరూ చెయ్యరు. అందుకే అక్కడ వెతకడం కంటే మార్చడమే సులువు.

లోయర్ ఆర్మ్ విషయంలో బుష్ ఒక్కటే ప్రెస్ చేయించొచ్చు కదా అని అడిగాను. బయట గ్యారేజీల్లో అది మామూలే, ఖర్చు కొన్ని వందల్లో అయిపోతుంది. "బాల్ జాయింట్ బాగుంటే అదే చేసేవాణ్ణి. రెండూ పోయాయి కదా, ఆర్మే వేసుకోండి" అన్నారు. తక్కువ ఖర్చు దారి ఉన్నా సరైన దారి చెప్పే మనిషి దొరికాడని అప్పుడే నమ్మకం కుదిరింది.

క్లచ్

దీంట్లో షోరూమ్ చెప్పింది ముమ్మాటికీ నిజం. బండి నిలబెట్టి, హ్యాండ్ బ్రేక్ లాగి, మూడో గేరులో క్లచ్ మెల్లగా వదిలాం. క్లచ్ బాగుంటే ఇంజిన్ వెంటనే ఆగిపోవాలి. ఆగకుండా కాసేపు తిరుగుతూనే ఉంది. ఈ పరీక్ష ఒకసారి చాలు, పదే పదే చేస్తే ఉన్న ప్లేటు కూడా కాలుతుంది.

పికప్ తగ్గిందని చెప్పగానే కొందరు టర్బో మీద పడతారు కాబట్టి ఒక తేడా గుర్తుపెట్టుకోండి. ఆర్పీఎం (ఇంజిన్ తిరిగే వేగం) పెరుగుతూ స్పీడు పెరగకపోతే అనుమానం క్లచ్ మీద. ఆర్పీఎమ్మే నీరసంగా పెరుగుతుంటే గాలి, డీజిల్, టర్బో వైపు చూడాలి. అలాంటప్పుడు స్కానర్‌లో పీ0299 కోడ్ వస్తే టర్బో ప్రెషర్ చాలడం లేదని అర్థం. టర్బో పోయిందని కాదు. ఇంటర్‌కూలర్ గొట్టం క్లాంపు దగ్గర చిరిగినా ఇదే కోడ్ వస్తుంది. గొట్టం మార్చడానికీ టర్బో అసెంబ్లీ మార్చడానికీ మధ్య తేడా వేలల్లో ఉంటుంది. నా బండిలో ఆ కోడ్ లేదు, గొట్టాలు పొడిగానే ఉన్నాయి.

పార్టులు కొనడం

పార్టులు నేనే తెచ్చుకుంటానని ముందే చెప్పాను. మేస్త్రి గారు దాపరికం లేకుండా, "తెచ్చుకోండి, కానీ లేబర్ కొంచెం ఎక్కువ తీసుకుంటాను. పార్టు ఫెయిలైతే మళ్లీ విప్పినందుకు డబ్బులివ్వాలి" అన్నారు. షాపువాళ్లు మెకానిక్‌లకి కమిషన్ ఇస్తారన్నది అందరికీ తెలిసిందే. అది పోయినప్పుడు లేబర్‌లో అడగడంలో తప్పేమీ లేదు. నాకిది మేలనిపించింది. పార్టు ధర ఎంతో, పని ధర ఎంతో విడివిడిగా కనిపిస్తాయి.

షాపులో మూడు రకాలుంటాయి. కారు కంపెనీ డబ్బాలో వచ్చేది ఒకటి. కారు కంపెనీకి పార్టులు సరఫరా చేసే తయారీదారు సొంత డబ్బాలో అమ్మేది రెండోది. క్లచ్‌లకి వాలియో, ఎక్సెడీ, షాకబ్జర్లకి గాబ్రియెల్, బేరింగులకి ఎస్కేఎఫ్ లాంటి పేర్లు ఇక్కడ కనిపిస్తాయి. మూడోది ఊరూ పేరూ లేనిది. రెండో రకం నాకు ఇష్టమే, చాలాసార్లు వాడాను. మూడోదాని జోలికి, ముఖ్యంగా బ్రేకులు, స్టీరింగ్, సస్పెన్షన్ విషయంలో, ఎంత తక్కువకి వచ్చినా వెళ్లొద్దు. లోయర్ ఆర్మ్ బాల్ జాయింట్ నడుస్తుండగా ఊడితే చక్రం పక్కకి ఒరిగిపోతుంది. అక్కడ మిగిలే ఐదారు వందలకి ప్రాణాలు పణంగా పెట్టినట్టే.

కంపెనీ డబ్బాకీ నకళ్లున్నాయి. పార్ట్ నంబరు, ఎమ్మార్పీ, తయారైన నెల ఉన్న లేబుల్, హోలోగ్రామ్ చూసి, ఎస్టిమేట్‌లో ఉన్న నంబరుతో పోల్చి, జీఎస్టీ బిల్లుతోనే తీసుకున్నాను. బిల్లు లేకపోతే ఇంకో రెండు వందలు తగ్గిస్తామన్నారు. వద్దన్నాను.

క్లచ్ సెట్ 7,600, లింక్ రాడ్లు 1,400, మౌంటింగులు రెండూ 2,250, ఎడమ లోయర్ ఆర్మ్ 2,200. మౌంటింగ్ ఎడమదే పోయినా రెండు పక్కలా వేయించాను. ఒకే వయసువి కాబట్టి రెండోది కూడా ఎంతోకాలం రాదు.

గేర్‌బాక్స్ దించిన రోజు

నేను పక్కనే ఉన్నాను. ఉండనివ్వడమే బయటి గ్యారేజీలో నాకు నచ్చే విషయం. పాత క్లచ్ ప్లేటు రివెట్ల దాకా అరిగిపోయింది. రిలీజ్ బేరింగు చేత్తో తిప్పితే గరగరమంది. గేర్‌బాక్స్ దిగి ఉంది కాబట్టి వెనకాల క్రాంక్ ఆయిల్ సీల్ చూశాం, చెమ్మ ఉంది. సీల్ 450, గేర్ ఆయిల్ 1,000. షోరూమ్ ఎస్టిమేట్‌లో ఈ రెండూ లేవు. సీల్ వదిలేస్తే కొన్ని నెలల్లో అది కారి కొత్త క్లచ్ ప్లేటు మీదే ఆయిల్ పడేది. అప్పుడు మళ్లీ గేర్‌బాక్స్ దించాలి, మళ్లీ లేబర్. ఖర్చు తగ్గించడం అంటే లైన్లు కొట్టేయడం ఒక్కటే కాదు, ఒక్కోసారి ఒక లైను చేర్చాలి కూడా.

బ్రేక్ ప్యాడ్లు కొలిచాం, ఇంకా ఆరు మిల్లీమీటర్లు ఉన్నాయి. మూడుకి వచ్చినప్పుడు మారుద్దామని రాసిపెట్టుకున్నాను. డీకార్బనైజింగ్ ప్రస్తావనే రాలేదు. పొగ లేదు, మైలేజీ తగ్గలేదు. రోగం లేనిదే మందెందుకు?

క్లచ్ లేబర్ 3,500, సస్పెన్షన్ లేబర్ 1,800, బయట అలైన్‌మెంట్ 700. పాత పార్టులన్నీ సంచిలో వేసి ఇచ్చారు. షోరూమ్‌లో చేయించినా ఇది అడగండి. మీ డబ్బుతో మార్చిన పార్టు, పాతది చూపించమనే హక్కు మీకుంది.

సాయంత్రం బెంజ్ సర్కిల్ ఫ్లైఓవర్ నాలుగో గేరులో ఎక్కాను. ఆర్పీఎం, స్పీడు కలిసి పెరిగాయి. గతుకుల మీద చప్పుడు లేదు.

లెక్క

మొత్తం 20,900. షోరూమ్ అంకె 56,600. తేడా 35,700.

ఈ తేడాని విడగొడితే తేలిందిది. చెయ్యనక్కర్లేదనో, ఇప్పుడే వద్దనో ఆపినవి (ర్యాక్, షాకబ్జర్లు, కుడి ఆర్మ్, ప్యాడ్లు, ట్రీట్‌మెంట్లు) కలిపి 29,100. లేబర్, అలైన్‌మెంట్‌లో తగ్గింది 7,100, అందులోనూ కొంత ర్యాక్ పని లేనందుకే. పార్టుల డిస్కౌంటు 950. అదనంగా చేర్చిన సీల్, గేర్ ఆయిల్ 1,450 తీసేయాలి.

షోరూమ్ జాబితా యథాతథంగా బయట చేస్తే ఎంతవుతుందని కూడా అడిగి చూశాను. 45 వేలు దాటింది. అంటే అదే పని బయట చేయిస్తే తగ్గేది ఐదోవంతు. మిగిలిందంతా ఏది మార్చాలో తేల్చిన ఆ గంటన్నర పరీక్షది. ఆ పరీక్షకి మేస్త్రి గారు విడిగా ఏమీ తీసుకోలేదు. తీసుకోవాలనే నా అభిప్రాయం. రెండు వేలు అడిగినా సంతోషంగా ఇచ్చేవాణ్ణి. వెతకడానికి మనం డబ్బులివ్వకపోతే ఇవాళ షెడ్డులో వెతికేవాళ్లు కూడా రేపు మార్చేవాళ్లు అవుతారు.

షోరూమ్‌కే వెళ్లాల్సినవి

వారంటీలో ఉన్న కారు నేనైతే బయటికి తీసుకెళ్లను. దీనిమీద ఒక పెద్ద తీర్పుంది. శంషేర్ కటారియా అనే ఆయన ఫిర్యాదు మీద, మార్కెట్లో పోటీ సరిగ్గా ఉందో లేదో చూసే కాంపిటీషన్ కమిషన్ 2014 ఆగస్టులో 14 కార్ల కంపెనీలకి 2,544 కోట్లకు పైగా జరిమానా వేసింది. విడిభాగాలు, డయాగ్నొస్టిక్ టూల్స్ బయటి గ్యారేజీలకి అందకుండా చేశారన్నది అభియోగం. బయట రిపేరు చేయించినంత మాత్రాన వారంటీ మొత్తం రద్దు అనే షరతు పెట్టొద్దని కూడా చెప్పింది. కంపెనీలు అప్పీళ్లకి వెళ్లాయి. తీర్పు మన వైపున్నా, వారంటీ క్లెయిమ్ సమయంలో కౌంటర్ దగ్గర వాదించాల్సింది మనమే. ఆ టెన్షన్ ఉచితంగా పోతున్నప్పుడు షోరూమ్ సర్వీసు హిస్టరీయే సుఖం.

రీకాల్ (తయారీ లోపం సరిచేయడానికి కంపెనీయే బండ్లను వెనక్కి పిలవడం) ఉంటే తప్పకుండా షోరూమే, పైసా ఖర్చుండదు. 17 అక్షరాల ఛాసిస్ నంబరు కంపెనీ వెబ్‌సైట్లో కొట్టి చూసుకోవచ్చు. పాత బండి కొన్నవాళ్లు ముందు ఈ పని చేయండి. ఎయిర్‌బ్యాగ్, ఏబీఎస్ మాడ్యూల్, ఇమ్మొబిలైజర్ (దొంగతాళంతో బండి స్టార్ట్ కాకుండా ఆపేది) తాళం ప్రోగ్రామింగ్ లాంటివి కూడా కంపెనీ సాఫ్ట్‌వేర్ ఉన్నచోటే చేయించడం మంచిది. మా మేస్త్రి గారే చెప్పారు, "స్కానర్‌తో కోడ్ చదవగలను, కానీ తాళం మాత్రం అక్కడే చేయించండి" అని.

బయటి గ్యారేజీలో లోటు రాతకోతలు. వారంటీ నోటిమాటే. అందుకని వేసిన పార్టులు, కిలోమీటర్లు, తేదీ, లేబర్ ఒక కాగితం మీద రాయించి సంతకం పెట్టించుకున్నాను. క్లచ్ పనికి ఆరు నెలలు తనది పూచీ అని ఆయనే రాసిచ్చారు. పార్టుల జీఎస్టీ బిల్లులతో కలిపి ఫైల్లో పెట్టాను. రేపు బండి అమ్మేటప్పుడు ఇవే సర్వీసు హిస్టరీ.

మిగిలిన పనులు

వెయ్యి కిలోమీటర్లయ్యాక ముందు బోల్టులు మళ్లీ ఒకసారి బిగించి, సీల్ దగ్గర చెమ్మ ఉందేమో చూడాలి. రెండో తాళం కోసం షోరూమ్‌లో అపాయింట్‌మెంట్ తీసుకున్నాను, ఎస్టిమేట్ ముందే అడిగాను. ఎండాకాలం లోపు ఏసీ చూపించాలి. కూలింగ్ తగ్గింది, గ్యాస్ నింపేసే ముందు లీకు ఎక్కడుందో ప్రెషర్ పెట్టి చూడమని చెప్పాను. ఆ పరీక్షకి ఎంతవుతుందో విడిగా రాసిమ్మన్నాను.